ఏడు పిన్నుల పవర్ డబ్బా

ఆ ఆదివారం ఉదయం డ్రాయింగు మాస్టారి పథకం చాలా చిన్నది. అటక మీది పాత కంప్యూటరు దించాలి, దుమ్ము దులపాలి, అందులో దాచిన చదరంగం ఆట తెరవాలి. వచ్చే నెల మొదటి ఆదివారం అక్కయ్యా బావగారూ వస్తున్నారు. ఆలోగా బావగారి నోరు మూయించే సాక్ష్యం సిద్ధంగా ఉండాలి.

ఆ ఆటకు ఇరవై ఎనిమిదేళ్ళు. బావా బావమరుదులిద్దరూ ఒకే రోజు, ఒకే దుకాణంలో, ఒకే రకం కంప్యూటర్లు కొనుక్కున్న కొత్తలో మొదలుపెట్టారు. మధ్యలో భోజనానికి పిలుపు వస్తే ఆటను డిస్కులో దాచి లేచారు. కంచాల ముందు ‘గెలిచేది నేనంటే నేన’ని మాటామాటా పెరిగింది. ఇద్దరూ అలిగారు. మర్నాడే బావగారు బదిలీ మీద వెళ్ళిపోయారు. అలక తీరేసరికి కంప్యూటరు అటకెక్కింది. అప్పట్నుంచి ఎక్కడ కలిసినా బావగారిది ఒకటే పాట. “ఇంకో నాలుగెత్తులుంటే మీ మాస్టారి పని గోవిందా!” మొన్నీమధ్య ఆ మాట మాస్టారి కొత్తల్లుడి దగ్గర కూడా అన్నారు. మాస్టారు అప్పటి నుంచి అల్లుడి కళ్ళలోకి చూడలేకపోతున్నారు.

మీట నొక్కగానే తెర వెలిగింది. పక్కనే విడిగా ఉన్న హార్డ్ డిస్కు మాత్రం ఉలకలేదు, పలకలేదు. దానికి కరెంటు అందించే పవర్ డబ్బా ‘ఠప్’మని ఒక్క తుమ్ము తుమ్మి, కాస్త పొగ వదిలి, కన్ను మూసింది.

“ఏం తగలబెట్టారండీ?” వంటింట్లోంచి భార్య అడిగింది.

“ఏం లేదు. కొంచెం దుమ్ము.”

“దుమ్ము కాలితే ప్లాస్టిక్ వాసనొస్తుందా?” ఆమె చెయ్యి తుడుచుకుంటూ వచ్చి చూసింది. “అన్నయ్యగారి దగ్గరా ఇలాంటిదే ఉండేదిగా. ఒక్క ఫోను చెయ్యకూడదూ?”

“ఆయన్ని ఓడించడానికి ఆయన్నే సాయమడగనా? చస్తే అడగను.”

రిపేరు షాపతను చచ్చిన డబ్బాను తిప్పి తిప్పి చూసి పెదవి విరిచాడు. “తీగ చివర ఇలా ఏడు పిన్నులుండే మూతి నేనెక్కడా చూళ్ళేదు మాస్టారూ. ఈ కంపెనీ మూతపడేనాటికి నాకు మీసాలు కూడా రాలేదు. ఫోన్లో పాత కంప్యూటర్ల పిచ్చోళ్ళ గ్రూపొకటుంది. చేరండి, మీకక్కడ బాగుంటుంది.”

గ్రూపులో మారుపేర్లే తప్ప అసలు పేర్లు లేవు. మాస్టారికి ఒక వస్తువును మాటల్లో వర్ణించడం రాదు. ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు “కంటికి కనబడిందే గీయండి” అని చెప్పిన మనిషి. చచ్చిన డబ్బాను షాపులోనే వదిలేసి వచ్చారు. అందుకని హార్డ్ డిస్కును బల్ల మీద పెట్టుకుని, దాని వీపున పవర్ డబ్బా మూతి దూరే గూడును ఎదురుగా చూస్తూ, ఏడు చుక్కలూ ఎక్కడివక్కడ పెన్సిలుతో గీశారు. నీడలు కూడా దిద్దారు. ‘ఈ పవర్ డబ్బా కావాలి’ అని రాసి గ్రూపులో పెట్టారు.

సాయంత్రానికి తొంభై మంది మెచ్చుకున్నారు. డబ్బా సంగతి ఒక్కరూ ఎత్తలేదు. మర్నాడు ఒకాయన, తన కంప్యూటరు బొమ్మ గీసిస్తే తన దగ్గరున్న పవర్ డబ్బా పంపుతానన్నాడు. మాస్టారు గీసిచ్చారు. అది చూసి ఇంకొకరు, ఇంకొకరిని చూసి మరొకరు. మూడు వారాల్లో ఆయన ఎనిమిది కంప్యూటర్లనూ, ఒక ప్రింటరునూ, దాని మీద పడుకున్న పిల్లినీ గీశారు. ప్రతిఫలంగా తొమ్మిది డబ్బాలొచ్చాయి. పార్సిళ్ళు తెచ్చే అతను తన ఇంట్లో పాడైన రెండు చార్జర్లు కూడా చేత్తో పట్టుకొచ్చాడు. “మీరివి తీసుకుంటారటగా అంకుల్!”

తొమ్మిదింటిలో ఎనిమిదింటికి పిన్నుల లెక్కే కుదరలేదు. తొమ్మిదో దానికి సరిగ్గా ఏడు. అచ్చం బొమ్మలో ఉన్నట్టే ఉన్నాయి. అయినా దూరలేదు. మాస్టారు ఆకురాయితో ఒక పిన్నును కొంచెం అరగదీసి, ఊపిరి బిగబట్టి నెట్టారు. మేడంతా కరెంటు పోయింది. పై అంతస్తు క్షౌరశాల నుంచి ఒకాయన సగం గడ్డంతో దిగొచ్చి, మిగతా సగం సంగతేమిటని అడిగాడు.

ఆ మధ్యాహ్నమే గ్రూపులో ‘ముసలి డిస్కు’ అనే పేరుతో ఒకరు రాశారు. “అసలు డబ్బా నా దగ్గరుంది. కానీ మీ బొమ్మలో కుడి ఎడమలు తారుమారయ్యాయి.”

మాస్టారికి ఒళ్ళు మండింది. “ముప్పై నాలుగేళ్ళు గీసిన చెయ్యి. దానికి కుడి ఎడమలు తెలియవా?”

“చేతికి తెలుసు. బుర్రకే తెలియలేదు.”

గంటలో గ్రూపు రెండు ముక్కలైంది. కుడివాళ్ళొక పక్క, ఎడమవాళ్ళొక పక్క. చివరికి గ్రూపు పెద్ద విసిగిపోయి రెండు రోజులపాటు అందరి నోళ్ళకూ తాళం వేశాడు. తాళం తీసేసరికి ముసలి డిస్కు గ్రూపు వదిలి వెళ్ళిపోయాడు.

“ఉన్న ఒక్కణ్ణీ తరిమేశారు,” అంది భార్య.

“నా బొమ్మను తప్పంటే ఊరుకోమంటావా?”

“ఊరుకుంటే డబ్బా వచ్చేదిగా!”

అనుకున్న ఆదివారం రానే వచ్చింది. బావగారు గుమ్మంలో చెప్పులు విడుస్తూనే, సంచిలోంచి నల్లటి ఇటుకలాంటిది తీసి బల్ల మీద పెట్టారు. దాని తీగ చివర ఏడు పిన్నులున్నాయి.

“ఏమోయ్ మాస్టారూ! ఆ నీడలు చూడగానే పోల్చేశాను. అలా దిద్దేవాడు మన చుట్టాల్లో ఇంకెవడున్నాడు?”

మాస్టారు నిలబడ్డచోటే కూర్చున్నారు. “బావగారూ... ముసలి డిస్కు మీరా?”

“నేనే. నువ్వు గీసింది గూడు. మేం చూసేది అందులో దూరే మూతి. రెండూ ఎదురెదురుగా నిలబడితే, నీ కుడి నాకెడమ కాదుటోయ్?”

మాస్టారు తన బొమ్మను చూశారు, పిన్నుల్ని చూశారు, మళ్ళీ బొమ్మను చూశారు. “బొమ్మ మాత్రం తప్పు కాదు,” అన్నారు నెమ్మదిగా.

“కాదులే. పెట్టు, నీ ఓటమి కళ్ళారా చూడాలి.”

మూతి మెత్తగా దూరింది. డిస్కు గుర్రుమని తిరగడం మొదలుపెట్టింది. ఇద్దరి తలలూ తెర ముందు ఢీకొన్నాయి. ఆట తెరుచుకుంది. కింద ఒక్క వరుసే ఉంది: ఆట ముగిసింది.

“ముగియడమేంటి? మనం మధ్యలో కదా లేచాం!” అన్నారు బావగారు.

గుమ్మంలో నిలబడి చూస్తున్న అక్కయ్య, మాస్టారి భార్య ముఖం చూసింది. “చెప్పెయ్యవే.”

“మీరిద్దరూ చెరో గదిలో అలిగి పడుకున్నారు. వదినా నేనూ అంట్లు తోమేశాక కూర్చుని పూర్తి చేశాం. ఓ ఇరవై నిమిషాలు పట్టిందేమో.”

“మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?” అన్నారు మాస్టారు.

“ఎప్పుడైనా మమ్మల్నడిగారా?”

బావగారు కుర్చీ ముందుకు జరిపారు. “సరే చెల్లెమ్మా. మీరు కూర్చునేసరికి ఎవరు గెలుస్తున్నారు?”

“ఎవరూ గెలవట్లేదు అన్నయ్యగారూ. ఎవరి వంతొస్తే వాళ్ళు ఓడిపోయేలా ఉంది.”

మాస్టారు కళ్ళజోడు సవరించుకుని తెర మీది చివరి పావుల్ని పరీక్షించారు. “బావగారూ, ఇది చూశారా? ఏనుగును ఎవరైనా ఇక్కడ పెడతారా?”

“అదే నేనూ చూస్తున్నాను. మంత్రిని ఊరికే వదిలేశారు! ఇదీ ఒక ఆటేనా?”

“మనమైతే ఇలా ఆడేవాళ్ళమా?”

“ఛ ఛ!”

ఇరవై ఎనిమిదేళ్ళలో వాళ్ళిద్దరూ ఒకే మాట మీద నిలబడటం అదే మొదటిసారి. ఆ సంతోషంలో బావగారు మాస్టారి భుజం మీద చెయ్యి వేశారు. కొత్తల్లుడికి ఇకమీదట ఏం చెప్పాలో మాట్లాడుకుంటూ, కాఫీ గ్లాసులు పట్టుకుని ఇద్దరూ వరండాలోకి నడిచారు.

వాళ్ళు ఒక మాటకొచ్చి తిరిగి వచ్చేసరికి ఆడవాళ్ళిద్దరూ రెండో ఆట సగంలో ఉన్నారు.