బ్రెజిల్ పోయిన పొద్దున

మురళీకృష్ణ ఆ ఉదయానికి వేసుకున్న పథకం చిన్నది. ఐదున్నరకల్లా మామగారి మంచం పక్కన కుర్చీలో కూర్చోవాలి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోవాలి, ఫోన్‌లో బ్రెజిల్-అర్జెంటీనా మ్యాచ్ చూడాలి. మామ మంగయ్యకు హెర్నియా ఆపరేషన్ అయి అది మూడో రోజు. ఖమ్మంలోని ఆ ప్రైవేటు దవాఖానాలో రెండు రోజులు భర్తను కనిపెట్టుకుని ఉన్న రామక్క, బర్రెల సంగతి చూసి వస్తానని ముందురోజే పెనుబల్లి వెళ్ళింది. "నేనున్న గదా అత్తమ్మా. మామను కంటికి రెప్పోలె చూసుకుంట" అన్నాడు అల్లుడు. పొద్దున ఆ కంటికి వేరే పని ఉందని మాత్రం చెప్పలేదు.

అతను మణుగూరు ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు. ఫుట్‌బాల్ మీద అతనికి అభిప్రాయాలు మెండు. వాటిలో ముఖ్యమైనది, దేశాలు ఆడేది అసలు ఆటే కాదన్నది. "క్లబ్ ఆటంటే సంసారం లెక్క. వారం వారం ఆడాలె, ఓడినా మళ్ళ ఇంటికే రావాలె. దేశం ఆటంటే దావత్. తిన్నమా, చెయ్యి కడుక్కున్నమా, పోయినమా, అంతే" అని క్యాంటీన్‌లో ఎవరు దొరికితే వాళ్ళకు చెబుతాడు. పదేళ్ళుగా ఆర్సెనల్ క్లబ్‌తో సంసారం చేస్తున్నాడు. బ్రెజిల్, అర్జెంటీనా ఎదురుపడిన రోజు మాత్రం సిద్ధాంతం పక్కనపెట్టి బ్రెజిల్ పసుపు చొక్కా తొడుక్కుంటాడు. అదేమంటే, దావత్‌కు పిలిస్తే పోకపోవడం మర్యాద కాదంటాడు.

ఆ గదిలో రెండు మంచాలు, మధ్యన ఒక పరదా. పరదాకు అవతల గాజుల దుకాణం రజాక్, నిచ్చెన మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకుని ఉన్నాడు. అతని భార్య బేగం, రామక్క రెండు రోజుల్లోనే కూరలూ ఫోన్ నంబర్లూ ఇచ్చిపుచ్చుకునేంత దగ్గరయ్యారు.

మ్యాచ్ మొదలయ్యేసరికి మంగయ్య ఏసీ చలికి దుప్పటి తల మీదుగా లాక్కుని, కదలకుండా నిద్రపోతున్నాడు. అర్జెంటీనా గంటలోపే రెండు గోల్స్ కొట్టింది. రెండోది బ్రెజిల్ డిఫెండర్ పుణ్యం. జట్టులో అందరికన్నా పెద్దవాడైన ఆ మనిషి కాలు జారి చతికిలబడ్డాడు. మురళీకృష్ణ లోలోపలే గొణుక్కున్నాననుకున్నాడు. కానీ ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నవాడికి తన గొంతు తనకు వినపడదు.

"పోయింది. ముసలాయన పని అయిపోయింది. ఇగ లేవడు."

అవతల నమాజు ముగించి తస్బీ పూసలు తిప్పుతున్న బేగం చేయి ఆగింది. పరదా కొంచెం తప్పించి చూసింది. మంచం మీద మనిషి తల నుంచి కాళ్ళ దాకా కప్పి ఉన్నాడు. పక్కన అల్లుడు తల పట్టుకుని కూర్చున్నాడు. బేగం మనసులో దువా చదువుకుని, వరండాలోకి వెళ్ళి రామక్కకు ఫోన్ చేసింది. తీరా చేశాక ఆ మాట అనడానికి నోరు రాలేదు.

"రామక్కా, జల్దీ రాండ్రి. మీ అల్లుడు శానా బాధల ఉన్నడు. ఇంతకన్న నేను చెప్పలేను."

రామక్క అప్పటినుంచి అల్లుడికి ఫోన్ చేస్తూనే ఉంది. ఫోన్ మోగినప్పుడల్లా మురళీకృష్ణకు మ్యాచ్ ఆగిపోతోంది. గనిలో అతనితో పనిచేసే పర్వేజ్ అర్జెంటీనా అభిమాని. గోల్ పడినప్పుడల్లా ఫోన్ చేసి ఏడిపించడం వాడికి సరదా. ఇదీ వాడి పనేననుకుని నాలుగుసార్లు కట్ చేశాడు. ఐదోసారి, పేరైనా చూడకుండా జవాబు రాసి పంపాడు. "ఆఖరి ఐదు నిమిషాలు నడుస్తున్నయి. ఆశ లేదు. అయిపోయినంక నేనే ఫోన్ చేస్త."

రామక్కకు చదువు రాదు. ఫోన్ చేతిలో పెట్టుకుని వాకిట్లో నిలబడి ఏడుస్తుంటే, గోడ దూకి మరిది గోపాలు వచ్చాడు. అన్నదమ్ములకు మూడేళ్ళుగా మాటల్లేవు. ఇద్దరూ కలిసి కొన్న ట్రాక్టర్ ట్రాలీ వెనక అన్న 'మంగయ్య అండ్ బ్రదర్' అని రాయించాడు. బ్రదర్‌కు పేరు లేదా అన్నది తమ్ముడి ప్రశ్న. గోపాలు ఆ మెసేజ్ రెండుసార్లు చదివాడు. వచ్చిన టైము చూశాడు. తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

"వదినా, ఇది వచ్చి పావుగంటయింది."

అరగంటలో పదకొండు మందితో బొలెరో బయలుదేరింది. గోపాలు ముందు సీట్లో కూర్చుని, దారి పొడవునా ఎవరెవరికో ఫోన్లు చేస్తూనే ఉన్నాడు.

ఇక్కడ మ్యాచ్ ముగిసింది, ఫోన్‌లో చార్జింగూ ముగిసింది. బ్రెజిల్ మూడు గోల్స్ తేడాతో ఓడింది. కళ్ళు తుడుచుకుంటున్న మురళీకృష్ణకు బేగం ఫ్లాస్కులోంచి చాయ్ పోసిచ్చింది.

"సబర్ చెయ్యి బేటా. మన చేతుల ఏముంది."

"మన చేతుల లేదమ్మా, కోచ్ చేతుల ఉండె. ముందే తీసెయ్యాలె. వింటేగా."

ఆ కోచ్ ఎవరో పెద్ద డాక్టరై ఉంటాడని బేగం అనుకుంది. "బాధపడకుంట పోయిండు, అది నయం" అంది.

"ఏం నయం. మూడు తిన్నరు."

ఆపరేషన్ అయిన మనిషికి మూడు ఏం పెట్టారో బేగంకు అర్థం కాలేదు. దుఃఖంలో ఉన్నవాణ్ణి అడగడం బాగుండదని ఊరుకుంది. తొమ్మిదింటికి రజాక్‌ను ఎక్స్‌రేకు తీసుకువెళ్తే వెంట వెళ్ళింది. మురళీకృష్ణ ఇడ్లీల కోసం కిందికి దిగాడు. నర్సు వచ్చి మంగయ్యను లేపి, డాక్టరు చెప్పినట్టు వరండాలో నడిపించడానికి తీసుకెళ్ళింది. దుప్పటి మంచం మీద అలాగే పొడుగ్గా కుప్పపడి ఉంది.

పదింటికి గోపాలు బంతిపూల దండతో, వెనకే రామక్కా మిగతావాళ్ళతో లోపలికి వచ్చి, ఆ దుప్పటి మీద పడిపోయాడు.

"అన్నా, పేరుదేముందన్నా. నువ్వుంటే చాలనుకోలేకపోయిన. మూడేండ్లు నీ మొకం చూడలే. ఆ ట్రాలీ మీద నీ పేరుకు పేడ పూసింది నేనేనన్నా."

"నువ్వా? ఇన్నొద్దులు డ్రైవర్ బిచ్యాను తిడుతున్న గదరా నేను" అని వెనక నుంచి వినిపించింది.

గుమ్మంలో మంగయ్య, ఒక చేయి గోడకూ ఒక చేయి కుట్ల మీదా పెట్టుకుని నిలబడి ఉన్నాడు. గోపాలు దండతో సహా బిగుసుకుపోయాడు.  రామక్క దగ్గరికి పోయి, భర్త భుజం మీద చేయివేసి చూసుకుని, "కుట్లు పచ్చిగ ఉంటే తిరుగుడేంది నీకు" అని కోప్పడింది. ఆ మాట అంటూనే మళ్ళీ ఏడ్చింది.

సరిగ్గా అప్పుడే పసుపు చొక్కా మురళీకృష్ణ ఇడ్లీ పొట్లంతో వచ్చాడు. పదకొండు మంది అతని వైపు తిరిగారు. గోపాలు వదిన ఫోన్ తెరిచి మెసేజ్ చూపించాడు. అది పర్వేజ్‌కు పంపింది కాదని అప్పుడు తెలిసింది మురళీకృష్ణకు. ఎక్స్‌రే నుంచి తిరిగి వచ్చిన బేగం మంగయ్యను చూసి పరదా గట్టిగా పట్టుకుంది.

"బేటా, ముసలాయన పోయిండంటివి గదా."

"బ్రెజిల్ డిఫెండర్ అమ్మా."

బేగం కాస్త ఆలోచించి అడిగింది. "ఆయన మీకు ఏమైతడు?"

 మురళీకృష్ణ ఇడ్లీ పొట్లం అత్త చేతికిచ్చి తలవంచుకున్నాడు. తిట్లు మొదలవ్వబోతుంటే మంగయ్య చేయెత్తి ఆపాడు. తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, వాడి చేతిలోని దండ తీసి దిండు పక్కన పెట్టాడు. నవ్వొస్తుంటే కుట్లు అదిమి పట్టుకున్నాడు.

"అల్లుణ్ణి ఏమనకురి. నేను నిజంగ పోయినా ఈ తమ్ముడు వస్తడో రాడో అనుకున్న. వచ్చిండు. అల్లుడూ, ఆ బ్రెజిల్ మళ్ళ ఎప్పుడు ఓడుతది? మా బామ్మర్ది గూడ రెండేండ్లాయె మాట్లాడక."

అంతలో గోపాలు ఫోన్ మోగింది. గోపాలు తల పక్కకు తిప్పుకుని, "ఇప్పుడొద్దన్నా, తర్వాత చెప్త" అని గొణిగాడు. మంగయ్య చేయి చాపి ఫోన్ తీసుకున్నాడు.

"డప్పులోళ్ళం. ఇంటి ముందట ఉన్నం. ఎప్పుడు తెస్తరు?" అని అడిగింది అవతలి గొంతు.

"రేపు డిశ్చార్జి. నేనే వస్త" అన్నాడు మంగయ్య.

"మీరెవరు?"

"మంగయ్యను."

 వెంటనే ఫోన్ కట్ అయింది.

అప్పటినుంచి ఆ డప్పుల బృందం, ఎవరు పోయారని కబురొచ్చినా, ముందు పోయినవాళ్ళకే ఫోన్ చేసి కనుక్కుని బయలుదేరుతోంది.