ఫకీరా డబ్బా, లక్ష్మీనర్సయ్య మిల్లు

ఎనభై ఆరులో ఒక పొద్దున ఫకీరా వేసుకున్న పథకం చాలా సులువు. ఎనిమిదింటికల్లా మునగాలలో లక్ష్మీనర్సయ్య కొత్త రైస్‌మిల్లు కప్పు మీద రెండు మైకు హారన్లు కట్టాలి. తొమ్మిదింటికి పాట పెట్టాలి. పదీ ఇరవైకి ముహూర్తం కాగానే పులిహోర తిని, భార్య మంగ్లీని వెంటబెట్టుకుని తండాకు పోవాలి. పాట బాగుంటే ఇకముందు ఆ ఇంట్లో ఏ కార్యానికైనా మైకుసెట్టు ఫకీరాదే. తేడా వస్తే కోదాడ ఉప్పలయ్యది.

చిక్కల్లా కొత్త రికార్డు ప్లేయరుతోనే. దాని సూది పలికేది దోమ గొంతుతో. ఆ దోమను ఏనుగు చేస్తే తప్ప మైకుసెట్టుకు వినపడదు. అందుకు నడుమ ప్రీయాంపు అనే డబ్బా ఒకటి ఉండాలి. ఫకీరా బడి మొహం చూడలేదు గానీ, మూడు చచ్చిన రేడియోల పొట్టలు కోసి, బిస్కెట్ల డబ్బాలో ఆ ప్రీయాంపును తనే అతికించాడు. ఢిల్లీ ఇంజనీర్లు చూస్తే లేచి నిలబడతారని అతని నమ్మకం.

తొమ్మిదింటికి స్విచ్ వేశాడు. పాట రాలేదు. "గూయ్‌య్" అని మోత వచ్చింది. మామూలు మోత కాదు. పక్క ఊరు ఆకుపాములలో బర్రెలు పలుపులు తెంపుకున్నాయి. హైవే మీద మేళ్లచెరువు సిమెంటు లారీలు, వెనకాల ఇంకేదో పెద్ద బండి వస్తోందని పక్కకు తప్పుకున్నాయి. మిల్లు నడుస్తోందనుకుని మూడు బండ్ల వడ్లు గేటు ముందు నిలబడ్డాయి. లక్ష్మీనర్సయ్య భార్య అన్నపూర్ణ హారతి పళ్లెంతో ఉరికొచ్చింది.

"ముహూర్తం గాకముందే మిల్లు నడిపిస్తరా? సోయి ఉన్నదా?" అని మొగుణ్ని నిలదీసింది.

"మిల్లు కాదే, గా ఫకీరా డబ్బా!" అన్నాడు లక్ష్మీనర్సయ్య. "ఏయ్ ఫకీరా, మోత బందు జెయ్. లేకుంటే ఉప్పలయ్యకు కబురు వెడత."

"పరేషాన్ గాకుండ్రి సేటూ. తీగకు ఎర్త్ దొరుకుతలేదు, గందుకే మోత."

"డబ్బల తుమ్మెదను గిట వెట్టి మూసినవా ఏంది?" అంది మంగ్లీ.

ఫకీరా సెట్టు ఆపి, మిల్లు గోడ వెనక డబ్బా విప్పుకుని కూర్చున్నాడు.

పదీ ఇరవై అయింది. పెద్దమనుషులంతా బయట పందిట్లో ఉన్నారు. వాళ్లలో మిర్యాలగూడ వడ్ల వ్యాపారి వీరేశం ఒకడు. అతనికి నచ్చితే ఏడాదంతా వడ్లు ఈ మిల్లుకే. లక్ష్మీనర్సయ్య ఒక్కడే లోపలికి వెళ్లి, దండం పెట్టి, మోటరు స్విచ్ నొక్కాడు. మోటరు కదల్లేదు. మిల్లుకొచ్చే కరెంటు మూడు ఫేజుల్లో ఒకటి పోయింది. సరిగ్గా అప్పుడే గోడ వెనక ఫకీరా తన స్విచ్ నొక్కాడు.

గూయ్‌య్!

పందిరంతా చప్పట్లు. "మోటరంటె గిదీ! వెన్న మీద నడిచినట్టున్నది," అన్నాడు వీరేశం.

లోపల లక్ష్మీనర్సయ్య కదలని మోటరు ముందు నోరు తెరుచుకుని నిలబడ్డాడు. ఇటు ఫకీరా ఎర్త్ తీగను బోరింగు పైపుకు చుట్టి నీళ్లు చల్లాడు. మోత టక్కున ఆగింది. పాట తేటగా అందుకుంది.

"అయ్యో, మిల్లు ఆగింది!" అన్నారు పందిట్లో. వీరేశం కండువా దులుపుకుని లేచాడు.

ఫకీరా ఛాతీ విరుచుకుని మిల్లులోకి వచ్చాడు. "సేటూ, ఇన్నరా? మోత ఖతం!"

లక్ష్మీనర్సయ్య అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. "మల్ల వెట్టు!"

"ఏంది?"

"మోత! ఒక ఫేజు రాలే. లైన్‌మన్ వచ్చేదాంక నీ డబ్బనే నా మిల్లు!"

వెంట లక్ష్మీనర్సయ్య రాగా, ఫకీరా గోడ వెనక్కి ఉరికి ఎర్త్ తీగ పీకాడు. ఆ ఊపులో సూది తీగ కూడా ఊడింది. పాట పోయింది, మోత రాలేదు. డబ్బాను బతిమాలాడు, కొట్టాడు.

"గీ తీగ ఊడింది సూడు," అంటూ మంగ్లీ దాన్ని పట్టుకుంది.

గూయ్‌య్!

"ఇడువకు!" అని మొగవాళ్లిద్దరూ ఒక్కసారే అరిచారు.

వీరేశం మళ్లీ కూర్చున్నాడు. కుడిచేత తీగ, ఎడమచేత డబ్బా పట్టుకుని మంగ్లీ గంటన్నర నిలబడింది. ఒకసారి ముక్కు గోక్కుంటే మిల్లు ఆగి, మళ్లీ నడిచింది. ఆకలవుతోందంటే అన్నపూర్ణే వచ్చి పులిహోర ముద్దలు నోట్లో పెట్టింది.

"ఉప్పు జర తక్కువైందమ్మా," అంది మంగ్లీ, మిల్లు నడుపుతూనే.

పన్నెండింటికి లైన్‌మన్ ఫేజు కలిపాడు. అసలు మోటరు దడదడమంటూ లేచింది. "ఇగ మా ఇంట్ల పుట్టెంట్రుకలైనా, పెండ్లయినా మైకు నీదే," అని లక్ష్మీనర్సయ్య ఫకీరా చెవిలో అరిచాడు. ఫకీరా దర్జాగా పాట పెట్టాడు. మిల్లు చప్పుడులో అది ఎవరికీ వినపడలేదు.

వెళ్లబోతున్న వీరేశం గేటు దగ్గర ఆగి చెవి రిక్కించాడు. "వడ్లు పంపిస్త గని లక్ష్మీనర్సయ్యా, పొద్దటి నడక లేదయ్యా. బేరింగు సూపియ్యి."

లక్ష్మీనర్సయ్యకు అంతా తెలుసు. అయినా మర్నాడు కొత్త మోటరును విప్పించి సూర్యాపేటకు రిపేరుకు పంపించాడు.