‘కలుద్దాం’ అనే మాటకు ఒక విగ్రహం

ఈ ప్రపంచంలో ఇంకా కాస్త శాంతి మిగిలి ఉందంటే అది ఒకే ఒక్క మాట చలవ. ఆ మాట ‘కలుద్దాం’. దాన్ని కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, మా యూనివర్సిటీ గేటు ముందు ఆయనకు నిలువెత్తు విగ్రహం పెట్టాలి!

నేనెవరంటారా? సైన్యంలో లారీ నడిపి, పింఛనుతో బయటికొచ్చి, నెరిసిన మీసంతో బీఏ మొదటి సంవత్సరంలో చేరినవాణ్ణి. క్లాసులో అందరూ నన్ను ‘మేజర్ అంకుల్’ అంటారు. ఇన్నేళ్లూ సైన్యం ఇవ్వని ప్రమోషన్ పిల్లలు ఒక్క పూటలో ఇచ్చేశారు.

చేరిన కొత్తలో పక్క బెంచీ అమ్మాయి, చెవుల్లోంచి ఇయర్‌ఫోన్స్ తీయకుండానే, “రేపు క్యాంటీన్‌లో కలుద్దాం అంకుల్” అంది. టైము చెప్పలేదు. చెప్పలేదంటే ఎప్పుడైనా రావచ్చనేగా అర్థం? బూట్లు పాలిష్ చేసుకుని, చొక్కా ఇస్త్రీ చేసుకుని, షట్టర్ ఎత్తకముందే వెళ్లి నిలబడ్డాను. కుర్చీలు బల్లల మీదికి ఎక్కించేదాకా కూర్చున్నాను. ఎవరో తనిఖీకి వచ్చారనుకుని క్యాంటీన్ ఓనరు పాపం వంటగది మొత్తం కడిగించాడు. చూశారా, ‘కలుద్దాం’ వల్ల ప్రజారోగ్యానికి ఎంత మేలో!

మర్నాడు ఆ అమ్మాయిని అడిగితే నోరెళ్లబెట్టింది. “అయ్యో అంకుల్, ఊరికే అన్నా.”

ఊరికే! ఎంత గొప్ప మాటండీ. ఇది తెలియక మేం వెర్రివెంగళప్పల్లా, కెప్టెన్ కొండెక్కుదామంటే కొండెక్కేశాం. “ఊరికే అన్నారా సార్?” అని ఒక్కడైనా అడిగితేనా! నా మాట విని సేనాపతులందరికీ ఈ భాష నేర్పండి. అవతలివాడు యుద్ధం చేద్దామంటాడు. ఇవతలివాడు “తప్పకుండా చేద్దాం బ్రో, ఈ వారం కొంచెం బిజీ, మెసేజ్ పెడతా” అంటాడు. ఇద్దరూ హాయిగా ముసుగు తన్ని పడుకుంటారు.

ఇక నాకు కలిగిన లాభాలా? సినిమాకు కలుద్దామన్నారు, అసైన్‌మెంట్‌కు కలుద్దామన్నారు. నా పుట్టినరోజుకైతే క్లాసు క్లాసంతా వాట్సాప్‌లో కేకు బొమ్మలు పంపి మరీ కలుద్దామన్నారు. ఎవరూ రాలేదు కాబట్టి సిలబస్ మొత్తం చదివేశాను. క్లాస్ ఫస్టు నేనే. లైబ్రరీలో కిటికీ పక్క బల్ల నాదే, దాని చుట్టూ ఉన్న కుర్చీలూ నావే. ఇంత ప్రైవసీ ఏ జనరల్‌కుంటుంది చెప్పండి?

సరే, మీ దగ్గర దాపరికం ఎందుకు. బ్యారక్‌లో గంపెడు మందితో బతికినవాణ్ణి, ఒక్కణ్ణే కూర్చుని టీ తాగడం నాకు చేతకాదు. ఎదురుగా ఒక మనిషి కూర్చుని ఊదుకుంటూ తాగితే చాలు. అంతకుమించి నేనెవర్నీ ఏమీ అడగలేదు.

సైన్యంలో లారీ నడిపినప్పుడు నా పక్క సీటువాడు, నా పాత జోడీ, మొన్న ఫోన్ చేశాడు. చదువు ఎలా ఉందిరా అంటే బ్రహ్మాండం అన్నాను. పెట్టేసే ముందు అలవాటుగా నోటికొచ్చేసింది. “కలుద్దాంరా.”

మర్నాడు క్లాసుకెళ్లేసరికి గేటు దగ్గర భుజాన సంచీతో వాడు! రైల్లో సీటు దొరక్క నిలబడే వచ్చాడట.

“ఏంట్రా ఇలా ఊడిపడ్డావ్?” అన్నాను.

“నువ్వే కదరా కలుద్దామన్నావ్. ఒంట్లో బాగానే ఉందా?” అంటూ నన్ను కిందికీ మీదికీ చూశాడు.

ఊరికే అన్నానని చెప్పడానికి నోరు రాలేదు. కళ్లు తుడుచుకుని వాడి సంచీ అందుకుని, టీ తాగుదాం పదరా అన్నాను. వాడు వెంటనే నడిచాడు. పాపం, వాడికి యూనివర్సిటీ చదువు లేదు.