చాలన్న పాపానికి

ఆ ఆదివారం అమరనాథ్ పెట్టుకున్న పనులు పెద్దవేమీ కావు. తలంటుకోవాలి, సెల్‌ఫోన్ నిండా చార్జింగ్ పెట్టాలి, హొసకోటె నుంచి పెద్దమునియప్ప చేసే ఫోన్ ఎత్తాలి. పోయిన వారమే తల్లీకొడుకులు వెళ్లి పెద్దమునియప్ప కూతురు అంబికను చూసి వచ్చారు. అమ్మాయి అమరనాథ్‌కు బాగా నచ్చింది. వాళ్ల మాట ఏమిటో ఈ పూట తెలుస్తుంది. కాడుగోడి స్టేషన్ పక్కన, రైలు పోయినప్పుడల్లా గిన్నెలు మోగే ఆ ఇంట్లో అతను ఫోన్ పక్కనే కాచుక్కూర్చున్నాడు.

మొదటి ఫోన్ మాత్రం మహదేవపుర ఆఫీసులో పక్క సీటు సురేశ్ చేశాడు.

"ఏం గురూ, చెప్పకుండా పెళ్లి చేసుకుంటున్నావా? నీకు ఫోన్ చేస్తే నాదస్వరం వస్తాంది."

"నాకేం వినపడలేదే."

"నీకెట్ల వినపడుతుంది? చేసినోళ్లకే వినపడేది. కాలర్ ట్యూన్ అంటారు. నెలనెలా బ్యాలెన్స్‌లో కోసుకుంటారు."

"నేను అడగలేదు కదా."

"ఎవరు అడుగుతారు? వాళ్లే పెట్టేస్తారు. గొడవెందుకు, నంబర్ మార్చేయ్."

నంబర్ ఎట్లా మారుస్తాడు? అది పెద్దమునియప్ప దగ్గర ఉంది. పైగా వాళ్ల వంశంలో డిగ్రీ దాకా చదివిన మొదటివాడు అమరనాథ్. ఆ చదువు వల్ల అతనికి గట్టిగా అబ్బింది ఒకటే: అడగనిది అంటగడితే పుచ్చుకోకూడదు. "పెట్టింది వాళ్లు, తీసేదీ వాళ్లే" అని ఫోన్ కంపెనీకి కలిపాడు.

కంపెనీ వాళ్లు తమ గొప్పలు పాటగా వినిపిస్తూ చాలాసేపు కూర్చోబెట్టారు. మధ్యలో ఇంకెవరో చేస్తున్నట్టు చెవిలో టుక్ టుక్ మంది. కొత్త నంబరు. అది ఎత్తితే ఇది పోతుంది, వరస మళ్లీ మొదటికొస్తుంది. ఎత్తలేదు. చివరికి ఒక అమ్మాయి కన్నడంలో పలకరించింది. అమరనాథ్ కన్నడం మంచిదే. ఉన్నదంతా చెప్పి, "ఇన్ను సాకు మేడమ్" అన్నాడు, ఇంక చాలు అని. అప్పుడే కిటికీ అవతల రైలు కూత పెట్టింది.

"ఆయ్తు సార్" అంది ఆ అమ్మాయి, అలాగే అని, చాలా మర్యాదగా.

కొత్త నంబరుకు తిరిగి చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఈలోగా సురేశ్ మళ్లీ చేశాడు.

"నాదస్వరం పోయింది గురూ. ఇప్పుడు జోలపాట."

అమరనాథ్ మళ్లీ కంపెనీకి కలిపాడు. తల్లి కదిరమ్మ బియ్యం ఏరుతూ, "జోలపాటే కదరా, పోనీ, ఉండనీ" అంది.

"అట్ల ఉండనీ ఉండనీ అంటేనేమ్మా, వాళ్లు నెత్తినెక్కేది."

మళ్లీ గొప్పలు, మళ్లీ టుక్ టుక్, మళ్లీ "ఇన్ను సాకు మేడమ్, ఇన్ను సాకు." ఈసారి గూడ్సు బండి. మళ్లీ "ఆయ్తు సార్."

"గురూ," అన్నాడు సురేశ్ కాసేపటికి, "ఇప్పుడు చావు తప్పెట."

అమరనాథ్ మూడోసారి కంపెనీకి కలిపాడు, మళ్లీ టుక్ టుక్.

ఆ టుక్ టుక్ చేసింది పెద్దమునియప్ప, హొసకోటె బస్టాండులోని కాయిన్ బాక్సు నుంచి. కాలర్ ట్యూన్ సంగతి ఆయనకు తెలియదు. ఫోన్‌లో ఏది వినిపిస్తే ఆ ఫోన్ ఉన్న చోట అదే జరుగుతోందని ఆయన నమ్మకం. తప్పెట కూడా విన్నాక ఆయన ఇంకో ఫోన్ చేయలేదు. భార్య చెన్నమ్మను తీసుకుని బస్సెక్కేశాడు.

మధ్యాహ్నం కదిరమ్మ కొళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడి ఉండగా చెన్నమ్మ వచ్చి మెడ మీద పడి గొల్లుమంది. ఎవరు పోయారో కదిరమ్మకు తెలియదు. అయినా ఆడమనిషి మెడ మీద పడి ఏడిస్తే ముందు ఏడవాలి, అడగడం తర్వాత. కదిరమ్మ కూడా అందుకుంది. ఆ ఏడుపుకు వీధంతా తలుపులు తెరుచుకున్నాయి.

కంపెనీ లైనులో ఉన్న అమరనాథ్ ఫోన్ చెవికి పెట్టుకునే బయటికొచ్చాడు. ఎదురుగా పెద్దమునియప్ప, చేతిలో బంతిపూల దండ.

"ఏమైంది మామా? ఎవరు పోయింది?"

పెద్దమునియప్ప అతన్ని కింది నుంచి పైదాకా చూశాడు. "నువ్వేనప్పా."

ఏడుపు ఆగిపోయింది.

"పొద్దున చేస్తే పెండ్లి. మళ్లా చేస్తే బిడ్డ. ఇంకోసారి చేస్తే తప్పెట. ఒక పూటలో ఇంత తొందరేమప్పా నీకు?"

అమరనాథ్ జవాబు చెప్పేలోపు లైను కలిసింది. అందరూ వినాలని స్పీకరు పెట్టి, ఎందుకు ఇట్లా చేస్తున్నారని నిలదీశాడు. ఆ అమ్మాయి నొచ్చుకుంది. వెనక వీళ్ల తెలుగు మాటలు విని, తనకొచ్చిన తెలుగులోకి దిగింది. "ప్రతి సారీ మీరే కదా సార్, ఇన్నూ హాకు, ఇన్నూ హాకు అన్నారు? ఇంకా పెట్టమంటే ఇంకోటి పెట్టినాము."

"హాకు కాదు మేడమ్, సాకు."

రైలు కూత పెట్టింది.

"ఆయ్తు సార్, ఇంకోటి హాక్తీని."

పెద్దమునియప్ప ఫోన్ లాక్కున్నాడు. "బేడమ్మా. ఏమీ వద్దు. ఉండేది తీసేయ్."

"తీసేస్తాము సార్. మీకు కష్టమైంది కాబట్టి నాదస్వరం ఒక్కటి ఉచితంగా ఉంచమంటారా?"

"ఉచితమైనా వద్దు," అన్నాడు అమరనాథ్, ఫోన్ మీదికి వంగి. "నేను అడగలేదు."

పెద్దమునియప్ప ఫోన్ పెట్టేసి అరుగు మీద కూర్చున్నాడు.

"నిజం చెప్తా వినప్పా. పొద్దున నేను చేసింది, ఈ సంబంధం కాదని చెప్పేదానికి. చూడ వచ్చినప్పుడు నువ్వు నోరే ఇప్పలేదు. మెత్తనోడు, సంసారం లాగలేడు అనుకుంటి."

"ఇప్పుడు?"

చెన్నమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "తప్పెట ఇనిపించిందని ఈయన చెప్పినకాణ్నుంచి మా అంబిక అన్నం ముట్టకుండా ఏడుస్తా ఉండాది. ఇంక ఆ పిల్లని ఏమడిగేది?"

"కంపెనీని పొద్దున్నుంచీ వదల్లేదంటే," అన్నాడు పెద్దమునియప్ప, "నాకూ అభ్యంతరం లేదు." తర్వాత దండ వైపు చూశాడు. "మరి దీన్నేం చేసేది?"

"నేను అడగలేదు మామా," అన్నాడు అమరనాథ్.

పెళ్లయిన తర్వాత హొసకోటెలో అత్తగారు వడ్డించేటప్పుడు, కడుపు నిండితే అమరనాథ్ చాలని నోరు విప్పడు. ఆకు మీద చెయ్యి అడ్డం పెడతాడు.