కాకినాడ నుంచి కదిలే బాణం

చింతమెరక పడవల నమోదు కార్యాలయానికి అధికారి రావడం మానేసిన పద్నాలుగు నెలల్లో అక్కడ పని సామర్థ్యం గణనీయంగా పెరిగిందని జిల్లా సమీక్షా సమావేశంలో ప్రకటించారు. ప్రకటించింది ఆ అధికారే కాబట్టి సందేహించవలసిందేమీ లేదు.

అధికారి పేరు యుగంధర్. కాపురం కాకినాడలో. అక్కడి నుంచి చింతమెరక రావాలంటే రెండు బస్సులు మారాలి, ఒక ఆటో ఎక్కాలి, దిగాక ఎండుచేపల వాసన పీల్చాలి. ఇన్ని బాధలనూ సాంకేతిక ప్రగతి ఒక్క దెబ్బతో తప్పించింది. ఆయన ఇంట్లో బ్రౌజరు తెరిచి పాస్‌వర్డు కొడితే, అందులో చింతమెరక ఆఫీసు కంప్యూటరు తెర ఉన్నది ఉన్నట్టు ప్రత్యక్షమవుతుంది. ఆయన అక్కడ మౌసు కదిపితే ఇక్కడ తెర మీద బాణం కదులుతుంది. అక్కడ నొక్కితే ఇక్కడ దరఖాస్తు తిరస్కరణకు గురవుతుంది. అధికారి హాజరు కావాలని నిబంధన ఉంది గాని, మనిషంతా హాజరు కావాలని ఎక్కడా లేదు.

ఆఫీసులో మిగిలిన సిబ్బంది అటెండరు పల్లంరాజు ఒక్కడే. పదింటికి కంప్యూటరు ఆన్ చేసి, దానికి ఏసీ వేసి, అది నిద్రలోకి జారుకోకుండా చూడటం అతని విధి. వచ్చినవాళ్ళు తువ్వాలు పరిచిన ఖాళీ కుర్చీకి నమస్కారం పెడితే, "కుర్చీకి కాదండి, తెరకి పెట్టండి. సారు అందులో ఉన్నారు" అని మర్యాదగా సరిదిద్దేవాడు.

సారు నిజంగానే ఎక్కడ ఉన్నా పనిచేసేవారు. పాలకొల్లులో ఒక పెళ్ళి పంక్తిలో కూర్చుని, ఫోనులోనే ఆఫీసు తెరిచి, ఎడమచేత్తో పదకొండు దరఖాస్తులు తిప్పి పంపారు. ద్రాక్షారామంలో దర్శనం వరుసలో నిలబడి మరో తొమ్మిది. భక్తిలోనూ విధిని మరువని అధికారి అని పైవారు ప్రశంసాపత్రం ఇచ్చారు. దాన్ని కూడా ఆయన వెళ్ళకుండానే అందుకున్నారు.

సముద్రంలో వేట నిషేధం జూన్ పద్నాలుగుతో ముగుస్తుంది. ఆలోగా నమోదు కాగితం రాని పడవ నీళ్ళలోకి దిగకూడదు. ఊళ్ళో జాలరి బుల్లియ్య పడవ కాగితం కోసం అతని భార్య లోవమ్మ మూడుసార్లు దరఖాస్తు పెట్టింది. నీళ్ళలో ఉన్న పడవ ఫొటో పెడితే అడుగు భాగం కనిపించడం లేదన్నారు. ఒడ్డున ఉన్న ఫొటో పెడితే తేలుతుందనడానికి ఆధారం లేదన్నారు. సగం ఒడ్డున, సగం నీళ్ళలో నిలిపి తీసిన ఫొటోలో పడవ వంకరగా ఉందన్నారు. నెలన్నరగా వేట లేదు. కాగితం రాకపోతే సొంత పడవ ఇసకలో ఉంచుకుని బుల్లియ్య పక్కవాళ్ళ పడవలో కూలికి ఎక్కాలి. ఆ మాట అనుకున్నప్పుడల్లా అతను అన్నం ముందు నుంచి లేచిపోతున్నాడు.

జూన్ రెండో తేదీన లోవమ్మ నాలుగోసారి ఆఫీసుకు వచ్చింది. పక్కింటి బుల్లెమ్మ కూడా వెంట వచ్చింది. భర్త పోయాక పడవను తన పేరున పెట్టుకుని నడుపుకుంటున్న మనిషి ఆవిడ. ఆవిడ దరఖాస్తుదీ అదే గతి.

ఇద్దరూ నిలబడి ఉండగా తెర మీద లోవమ్మ పడవ ఫొటో తెరుచుకుంది. బాణం తాపీగా 'తిరస్కరించు' వైపు నడిచింది. లోవమ్మ ఒక్క అంగలో వెళ్ళి కుర్చీలో కూర్చుని, మౌసు పట్టుకుని బాణాన్ని ఇవతలికి లాగింది.

బాణం అటు వెళ్ళింది. ఈవిడ ఇటు లాగింది. కాకినాడలో ఒక చెయ్యి, చింతమెరకలో ఒక చెయ్యి, మధ్యలో ప్రభుత్వం. పల్లంరాజు పరుగెత్తుకొచ్చాడు.

"లోవమ్మగారూ, సారు చెయ్యి పట్టుకుని లాగుతున్నారేంటండి? తప్పండి."

"మనిషి ఇక్కడుంటే కాళ్ళే పట్టుకునేదాన్ని కదా" అంది లోవమ్మ, మౌసు వదలకుండా.

పోరాటం ఆరు నిమిషాలు సాగింది. అప్పుడు తెర మీద ఒక ఖాళీ పేజీ తెరుచుకుంది. అందులో అక్షరాలు పడ్డాయి.

"ఎవరు నువ్వు? ఏ దేశం నుంచి చొరబడ్డావు?"

లోవమ్మ పది వరకూ చదువుకుంది. ఫోనులో రోజూ కొట్టే అలవాటు ఉంది. ఒక్కో అక్షరమే వెతుక్కుని కొట్టింది.

"చింతమెరకేనండి. లోవమ్మని. బుల్లియ్య గారి భార్యని."

"ఎక్కడ నుంచి రాస్తున్నావు?"

"మీ కుర్చీలోంచండి."

"అది అధికారి కూర్చునే కుర్చీ" అని వచ్చింది.

"ఖాళీగా ఉందండి. పడవ వంకర కాదండి, తుపానుకి ఒరిగింది. మీరొచ్చి చూస్తారేమోనని అలాగే ఉంచాం."

చొరబాటు మీద ఫిర్యాదు చేస్తే కుర్చీ ఖాళీగా ఉన్న సంగతి కూడా అందులో రాయవలసి వస్తుంది. యుగంధర్ ఆలోచనాపరుడు. బాణం మెల్లగా కదిలి 'ఆమోదించు' మీద వాలింది. పక్కనున్న యంత్రంలోంచి కాగితం వెచ్చగా బయటికి వచ్చింది. లోవమ్మ దాన్ని కళ్ళకద్దుకుని లేచింది.

"మరి నాదో?" అంది బుల్లెమ్మ.

"నీదీ చూస్తారక్కా. ఇప్పటికే సారుకి కోపం వచ్చినట్టుంది" అని లోవమ్మ ఇంటికి పరుగెత్తింది. ఆ పూట బుల్లియ్య రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

మర్నాటికి ఆఫీసు ముందు వరుస ఏర్పడింది. యుగంధర్ జరిగిన దాన్ని సంస్కరణగా మార్చారు. ప్రతి దరఖాస్తుదారూ అయిదు నిమిషాల పాటు మౌసును వినియోగించుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చారు. తెరలోంచే ఉపన్యసించారు కూడా: "అధికారికీ పౌరుడికీ మధ్య కుర్చీ అనే అడ్డుగోడను కూల్చివేశాం. ఇంత సన్నిహిత పాలన దేశంలో మరెక్కడా లేదని వినయపూర్వకంగా మనవి చేస్తున్నాను."

సారు స్నానానికి వెళ్ళే వేళ బాణం కదలదని వరుసలో వాళ్ళు రెండోరోజుకే కనిపెట్టారు. ఆ వేళకు తగ్గట్టు వరుస తనంతట తానే సర్దుకుంది. రొయ్యల చెరువుల పెద్దిరాజుగారు ముందుకు వచ్చారు. ఆయనకు పడవ లేదు. కాని నమోదైన పడవకు రాయితీ డీజిలు వస్తుంది, చెరువులో ఇంజన్లకు డీజిలు కావాలి. ఆయన దరఖాస్తు పెట్టి, ఆమోదించి, కాగితం తీసుకుని, వ్యవస్థ ఎంత మారిపోయిందో అని మెచ్చుకున్నారు.

బుల్లెమ్మ నాలుగు రోజులు వరుసలో నిలబడింది. వంతు వచ్చేసరికి మౌసు ఎలా పట్టుకోవాలో తెలియలేదు. బాణం ఆవిడ చేతికి చిక్కకుండా మూలల్లోకి పోయింది. వెనకనుంచి తొందర పెట్టారు.

"లేవండి బుల్లెమ్మగారూ, నేను చేసిపెడతాను" అని పెద్దిరాజు గారు కూర్చున్నారు. అయిదు నిమిషాల్లో తన అల్లుడి పేర రెండు పడవలు నమోదు చేశారు. "టైమైపోయిందండి, రేపు రండి" అని ఆవిడతో ఎంతో ఆదరంగా అన్నారు.

ఊళ్ళో ఇళ్ళకంటే పడవలు ఎక్కువయ్యాక జిల్లావారికి అనుమానం వచ్చింది. అధికారి స్వయంగా కార్యాలయంలోనే కూర్చుని పనిచేయాలని ఆదేశం వచ్చింది. పదో తేదీన యుగంధర్ ముక్కుకు రుమాలు కట్టుకుని చింతమెరకలో దిగారు. కుర్చీలో కూర్చున్నారు. ఎదురుగా బుల్లెమ్మ ఒక్కతే నిలబడి ఉంది.

"అయ్యా, పన్నెండేళ్ళ పడవండి. ఇక్కడికి వంద అడుగులు. వచ్చి చూస్తారా?"

"పడవ సంగతి తర్వాత. ముందు పద్ధతి ప్రకారం తెరవాలి" అన్నారాయన.

ఆయనకు తెలిసిన పద్ధతి ఒక్కటే. ఆ కంప్యూటరులో బ్రౌజరు తెరిచి, పాస్‌వర్డు కొట్టి, ఆ కంప్యూటరునే తెరిచారు. తెరలో తెర వచ్చింది. ఆ తెరలో మరో తెర, దానిలో ఇంకొకటి, అద్దంలో అద్దంలా లోపలికి పోతూనే ఉన్నాయి. అన్నిటిలోనూ బుల్లెమ్మ పడవ చిన్నదవుతూ కనిపించింది. ఏ ఒక్కదాని మీదా ఆయన బాణం నిలబడలేదు. సాయంత్రం అయిదింటికి సాంకేతిక కారణాల వల్ల వాయిదా వేస్తున్నట్టు రాసి లేచారు. మర్నాడూ అదే జరిగింది.

సారు వచ్చాకే పనులు ఆగిపోయాయని ఊరు గగ్గోలెత్తింది. ఆయన్ను తక్షణం కాకినాడకు పంపించాలని పెద్దిరాజు గారు అర్జీ రాయించారు. మొదటి సంతకం లోవమ్మది. ఆమె తమ్ముడి దరఖాస్తు ఇంకా తేలవలసి ఉంది.

"ఏమనుకోకక్కా. ఎదురుగా ఉన్న సారుతో ఎవరికి పనైంది? నువ్వూ పెట్టు" అని లోవమ్మ బుల్లెమ్మ ముందు కాగితం పెట్టింది.

"ఆయన ఇక్కడుంటే ఒక్కసారైనా బయటికొచ్చి చూస్తారేమోనే" అంది బుల్లెమ్మ. సంతకం పెట్టలేదు. ఊరి ప్రగతికి అడ్డుపడుతున్న మనిషని అందరూ ఆవిడతో మాట్లాడటం తగ్గించారు. అర్జీలో ఏ లోపమూ కనిపించలేదు. ఒక్కరోజులో మంజూరైంది.

పదిహేనో తేదీ పొద్దున్న, రికార్డుల ప్రకారం, చింతమెరక నుంచి రెండు వందల పన్నెండు పడవలు వేటకు వెళ్ళాయి. వాటిలో నూట నలభై ఇంకా తయారుకావలసి ఉంది. ఒడ్డున మిగిలిపోయింది బుల్లెమ్మ పడవ ఒక్కటే. దాన్ని మాత్రం ఎవరైనా ముట్టుకుని చూడవచ్చు. ఆవిడ దాని నీడలో కూర్చుని చిరిగిన వల అల్లుకుంటోంది.

అటుగా వెళ్ళినవాళ్ళందరూ ఒకసారి ఆగి, జాలిగా చూసి, కాగితాలు సరిగ్గా పెట్టుకోవాలి కదండీ అని చెప్పి వెళ్ళారు.