సహ రుణగ్రహీత

ఆ రోజుకు ఆమె వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదిన్నరకు బ్యాంకుకు వెళ్ళాలి, ఇంటి లోను కాగితాల మీద సంతకాలు పెట్టాలి, పదకొండుకల్లా కంటి ఆసుపత్రిలో తన చీకటి గదికి చేరుకోవాలి. చూపు పరీక్షించి అద్దాలు రాయడం ఆమె ఉద్యోగం. పద్నాలుగేళ్ళుగా జనం చేత గోడమీది అక్షరాలు చదివిస్తోంది. పెద్ద అక్షరాలు గడగడా అప్పజెప్పేసినవాళ్ళు కూడా చివరి వరుస దగ్గరకొచ్చేసరికి నీళ్ళు నములుతారు.

"ఎంతసేపు పడుతుందండీ?" అని మెట్లు దిగుతూ అడిగింది.

"పావుగంట. వాళ్ళు వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం చేసెయ్యి. చదువుతూ కూర్చోకు," అన్నాడు భర్త. ఆయన రంగుల కంపెనీలో అమ్మకాలు చూస్తాడు. డబ్బా మీద రాసింది చదివి కొనేవాళ్ళంటే ఆయనకు మొదట్నుంచీ గిట్టదు.

బ్యాంకు లాయరుగారికి ఆ రోజు జలుబు. ఒక చేత్తో రుమాలు పట్టుకుని, రెండో చేత్తో కాగితాలు తిప్పుతూ, "ఇక్కడ అయ్యగారు, ఇక్కడ అమ్మగారు," అంటున్నారు. ఆమె ఎనిమిది సంతకాలు బుద్ధిగా పెట్టింది. తొమ్మిదో దగ్గర అలవాటు ఊరుకోక చివరి వరుస చదివింది.

"లాయరుగారూ, అప్పు కాగితంలో సహ రుణగ్రహీత అని నా పేరుంది. ఇంటి దస్తావేజు చిత్తుప్రతిలో మాత్రం ఈయన ఒక్కరి పేరే ఉందేమిటండీ?"

"అప్పు వేరు, ఇల్లు వేరమ్మా. మీరు అప్పులో భాగస్తులు. ఇంట్లో కూడా భాగం కావాలంటే దస్తావేజులో పేరుండాలి."

"ఈయన వాయిదాలు కట్టకపోతే?"

"మిమ్మల్ని అడుగుతాం."

"ఈయన ఇల్లు అమ్మేస్తే?"

"మా బాకీ తీర్చేసి అమ్ముకోవచ్చు. మీ సంతకం అక్కర్లేదు."

"అంటే కట్టేటప్పుడు ఇద్దరం, అమ్మేటప్పుడు ఒక్కరా?"

లాయరుగారు తుమ్మారు. దాన్ని అవుననుకోవాలో కాదనుకోవాలో ఆమెకు తెలియలేదు.

భర్త ఆమె వైపు వంగి గొంతు తగ్గించాడు. "ఇప్పుడివన్నీ ఎందుకు? నా పేరున ఉంటే నీ పేరున ఉన్నట్టు కాదూ?"

"అయితే నా పేరున పెట్టండి. మీ పేరున ఉన్నట్టేగా."

ఆమె వెటకారానికి అన్న మాట కాదది. గోడ గడియారం పదిముప్పావు చూపిస్తోంది. అవతల ఇరవై రెండు మంది చీటీలు పట్టుకుని కూర్చుని ఉంటారు. "దస్తావేజులో నా పేరు కూడా చేర్పించండి. రేపొచ్చి మిగతావి పెట్టేస్తాను," అని కలానికి మూత పెట్టి లేచి వెళ్ళిపోయింది. బ్యాంకు ఆఫీసరు ఫైలు మీద పెన్సిలుతో "సంతకం రేపు" అని రాసుకున్నాడు. అక్కడితో ఆగవలసిన సంగతి అది.

భర్త బయటికొచ్చి తల్లికి ఫోను చేశాడు. "తను సంతకం పెట్టకుండా వెళ్ళిపోయిందమ్మా," అన్నాడు. అటువైపు మిక్సీ తిరుగుతోంది. ఆ మోతలో సంతకం నలిగిపోయి, వెళ్ళిపోయింది అన్న ఒక్క మాటే అత్తగారి చెవిన పడింది. మిక్సీ ఆపి, "ఎక్కడికి రా?" అని అడిగేసరికి ఆయన బ్యాటరీ అయిపోయింది.

అత్తగారు కోడలి అన్నకు ఫోను కలిపింది. "నాయనా, మీ చెల్లెలు మావాణ్ణి వదిలేసి వెళ్ళిపోయిందట. మీ ఇంటికేమైనా వచ్చిందా?"

అన్నగారిది డ్రైవింగు స్కూలు. నేర్చుకుంటున్న మనిషిని స్టీరింగు దగ్గరే కూర్చోబెట్టి, కారు కదిలించావంటే చంపేస్తానని చెప్పి, ఆయన చెల్లెలి ఆసుపత్రికి పరుగెత్తాడు. ఆమె గది తలుపు మూసి ఉంది. బయట బల్ల మీద పదిమంది వరసగా కూర్చుని ఉంటే ఆయనా చివరన కూలబడ్డాడు. నర్సు చుక్కల మందు సీసాతో ఆ వరసంతా నడుచుకుంటూ వచ్చి ఆయన తల పట్టుకుంది.

"అమ్మా, నేను లోపలున్న మేడం అన్నయ్యని!"

"అన్నయ్యలకైనా ఇవే చుక్కలండీ. పైకి చూడండి."

కనుపాపలు పెద్దవయ్యే మందది. పావుగంటలో ఆయనకు లోకమంతా తెల్లగా, మసకగా కరిగిపోయింది. కళ్ళు భగ్గుమని నీళ్ళు ధారకట్టాయి. సరిగ్గా అప్పుడే అత్తగారు రొప్పుతూ వచ్చింది.

"ఏమైంది నాయనా?"

"నాకేమీ కనపడట్లేదత్తయ్యగారూ," అన్నాడాయన, గోడకు చెప్పినట్టు, చొక్కా చేతులతో కళ్ళు తుడుచుకుంటూ.

అంత మగాడు నలుగురిలో ఏడుస్తున్నాడంటే సంసారం చేయి దాటిపోయినట్టే అనుకుంది అత్తగారు. అక్కణ్ణుంచే ఇల్లు అమ్ముతున్న పెద్దాయనకు ఫోను చేసింది. "మా కోడలొచ్చి ఏ కాగితం మీద సంతకం అడిగినా పెట్టకండి. వాళ్ళిద్దరూ విడిపోతున్నారు."

పెద్దాయన రిటైరైన డ్రాయింగు మాస్టరు. అరగజం ప్రహరీ గోడ కోసం పక్కింటివాళ్ళతో పదకొండేళ్ళు కోర్టుకు తిరిగినవాడు. విడిపోవడం అన్న మాట వినగానే ఆయనకు ఆ కోర్టు మెట్లన్నీ గుర్తొచ్చాయి. బ్యాంకుకు ఫోను చేసి, "ఆ దంపతుల మధ్య కేసు నడుస్తోందట, నా ఇల్లు అందులో ఇరుక్కోదు కదా?" అని అడిగాడు. కేసు అన్న ముక్క ఆయన సొంతంగా చేర్చింది. ఆఫీసరు పెన్సిలు గీత చెరిపేసి, ఎర్ర సిరాతో "కుటుంబ వివాదం" అని రాశాడు. అలాంటి ఫైలుకు బ్యాంకులో ఒక పద్ధతుంది. మొదట ఇద్దరి జీతాలూ కలిపి చూసి సరే అన్నవాళ్ళు, ఇప్పుడు ఎవరి అప్పులు వాళ్ళవి విడివిడిగా తవ్వడం మొదలుపెట్టారు.

భోజనం వేళ తలుపు తెరిచిన ఆమెకు ఎదురుగా చేతులు చాపి తడుముకుంటున్న అన్న కనిపించాడు.

"అన్నయ్యా! నువ్విక్కడేం చేస్తున్నావ్?"

"విడాకులెందుకే చెల్లాయ్?"

"ఎవరికి?"

సాయంత్రం ఇంట్లో అందరూ కూర్చున్నారు. అన్నగారు నల్లద్దాలు పెట్టుకున్నాడు. అత్తగారు తన తప్పేమీ లేదని మూడుసార్లు చెప్పింది.

"ఒక్క సంతకం పెట్టుంటే ఇంత రభస జరిగేదా?" అన్నాడు భర్త.

"ఒక్క పేరు రాయించుంటే జరిగేదా?"

"వచ్చిన దగ్గర్నుంచీ పేరు, పేరు. మగవాడి పేరున ఉంటే ఇంటికి మర్యాద అమ్మాయ్," అంది అత్తగారు.

అప్పుడు అన్నగారు, ఇల్లమ్మే పెద్దాయనతో రాసుకున్న అగ్రిమెంటు తీసి చదవమన్నాడు, తనకు కనపడదు కనుక. అందులో ఉంది సంగతి. ముప్పై రోజుల్లో లోను తెచ్చుకోకపోతే అడ్వాన్సు తిరిగి రాదు. ఇరవై రోజులు అప్పుడే అయిపోయాయి. లోను రాకపోతే డబ్బు వెనక్కివ్వాలని ఒక్క వాక్యం రాయించుకుంటే సరిపోయేది, భర్త రాయించుకోలేదు. ఆ అడ్వాన్సు ఆమె పీఎఫ్ లోంచి తీసింది. పద్నాలుగేళ్ళ చీకటి గది అందులో ఉంది.

"సరే. మీ ఒక్కరి పేరునే ఉండనివ్వండి. రేపు సంతకం పెడతాను," అందామె. అత్తగారు ఊపిరి పీల్చుకుని అందరికీ టీ పెట్టింది.

మర్నాడు ఆమె కలం మూత తీసి కూర్చుంది. లాయరుగారు కాగితాలు ముందుకు తొయ్యలేదు.

"అమ్మగారి సంగతి సరే. అయ్యగారితోనే చిక్కొచ్చింది. ఏమండీ అయ్యగారూ, మీ తమ్ముడి మెకానిక్ షెడ్డు అప్పుకు హామీ సంతకం పెట్టారు గదండీ? ఎనిమిది నెలలుగా వాయిదాలు సగమే పడుతున్నాయి."

"అది వాడి అప్పండీ! నాది కాదు," అన్నాడు భర్త.

"తమ్ముడు కట్టకపోతే అడిగేది మిమ్మల్నే."

ఆమె భర్త వైపు తిరిగింది. "కంపెనీ కమిషను తగ్గించిందన్నారు? ఆ డబ్బు వాడి వాయిదాలకా పోయింది?"

"చెబితే బాధపడతావని..."

అక్షరం కనపడకుండానే ఊహించి చెప్పేవాళ్ళను ఆసుపత్రిలో ఆమె ఇట్టే పట్టేస్తుంది. ఇంట్లో ఈ ఒక్క మనిషి ఎనిమిది నెలలు దొరకలేదు.

దారి ఒక్కటే ఉందన్నారు లాయరుగారు. అప్పు ఆమె ఒక్కతే తీసుకోవాలి, ఇల్లూ ఆమె ఒక్కతి పేరునే ఉండాలి. ఆయన పేరు ఎక్కడ చేర్చినా తమ్ముడి అప్పులవాళ్ళు ఆ వాటా మీదికి వస్తారు. ఆమె ఒక్క జీతానికి వాయిదాలు సరిపెట్టాలంటే పదిహేనేళ్ళ గడువు ఇరవై రెండేళ్ళవుతుంది. కాదంటే అడ్వాన్సు పోతుంది.

భర్తకూ ఒక కాగితం వచ్చింది. అప్పు కట్టలేక బ్యాంకు ఇంటిని స్వాధీనం చేసుకుంటే, అందులో నివసిస్తున్న వ్యక్తిగా ఏ హక్కూ కోరకుండా ఖాళీ చేస్తానని అందులో రాసి ఉంది. ఆయన దాన్ని మూడుసార్లు చదివాడు.

"ఇదేమిటండీ, నా ఇంట్లోంచి నేను..."

"మీ ఇల్లు కాదు గదండీ," అని లాయరుగారు రుమాలు అందుకున్నారు.

పదహారు సంతకాలు పెట్టి లేచిందామె. అడిగింది సగం ఇల్లు, వచ్చింది మొత్తం అప్పు.

ఇల్లు మారిన వారంలోనే అత్తగారు వీధి వీధంతా చెప్పింది, "మావాడు మెతక. నిలబెట్టి మొత్తం తన పేరున రాయించుకుంది," అని. ఆమెకు కాదనే తీరిక లేదు. సాయంత్రాలు ఒక కళ్ళద్దాల షాపులో రెండో ఉద్యోగం మొదలుపెట్టింది. ఒక రోజు అక్కణ్ణుంచి వచ్చేసరికి గేటు పక్కన కొత్తగా నల్లరాతి పలక కనిపించింది. దాని మీద బంగారు రంగు అక్షరాల్లో, రోడ్డవతలికి కూడా కనపడేంత పెద్దగా, భర్త పేరుంది.

"ఇదేమిటండీ?"

"వచ్చేవాళ్ళకు ఇల్లు తెలియొద్దూ!" అన్నాడాయన, పలకను చేత్తో తుడుస్తూ.

రాతి మీద పేరు చెక్కించుకోవడానికి ఇంటి యజమాని సంతకం అక్కర్లేదట.