ముప్పయ్యారు వాటాలు

ఆ రోజు పొద్దున్న జోగయ్య వేసుకున్న పథకం చిన్నది. రాజాంలో తొలి బస్సెక్కాలి. నౌపడ చేరి, అక్కడినుంచి ఆటోలో భార్య తులసమ్మ పుట్టినూరికి పోవాలి. సముద్రం వెనకాల కనబడేలా ఇద్దరూ నిలబడి ఒక ఫోటో తీయించుకోవాలి. సాయంత్రానికి ఇల్లు చేరాలి.

ఊళ్లో పెళ్లిళ్లన్నిటికీ ఫోటోలు తీసిన జోగయ్యకి తన పెళ్లి ఫోటో ఒక్కటీ లేదు. నలభై ఏళ్ల కిందట ఆ ఒడ్డునే పెళ్లయింది. ఫోటోలు తీసింది ఆయనకి పని నేర్పిన గురువుగారు. ఒక్క బొమ్మా రాలేదు. ఫిల్ము కడగడంలో గురువుగారు పాడుచేశారని జోగయ్య చెప్పాడు. తులసమ్మ ఆ గురువుగారిని ఇప్పటికీ తిడుతూనే ఉంది. ఫోను ఫోటో ఆవిడకి పనికిరాదు. ఎందులో పోయిందో అందులోనే రావాలని ఆవిడ పంతం.

పంతం ఉంది గాని కలరు ఫిల్ము లేదు. ఒకప్పుడు రాజాంలో మందుల కొట్లో కూడా దొరికేది. ఇప్పుడు శ్రీకాకుళంలో అడిగితే నవ్వారు. విజయనగరంలో అడిగితే ఎందుకని అడిగారు. విశాఖపట్నంలో ఒకాయన ఫోను నంబరు రాసుకుని ఏడాదిన్నర ఊరుకున్నాడు. చివరికి ఆయన దగ్గరే ఒక్క రీలు దొరికింది. ముప్పయ్యారు బొమ్మలు. మళ్లీ వస్తుందని నమ్మకం లేదన్నాడు. జోగయ్య దాన్ని ఫ్రిజ్‌లో పాలగిన్నె వెనకాల దాచాడు.

వాకిట్లో కూర్చుని రీలు కెమెరాలో ఎక్కిస్తుంటే తులసమ్మ వచ్చింది.

"ఎండ పడతన్నాది. గొడుగు పట్టమంటావేటి?"

"నలబయ్యేళ్ల నుంచి ఎక్కిస్తన్నాను. నువ్వు సెప్పాలా?"

"అయితే బేగి కానీ. బస్సెల్లిపోతాది."

బేగి కానిచ్చాడు.

ఊరు అర మైలు ఉందనగా ఆటో ఇసకలో దిగబడింది. దాన్ని నడిపే గోపి ఇంజను ఎంత రేజు చేస్తే అంత లోపలికి పోయింది. పెద్దవల లాగి ఒడ్డున కూర్చున్న జనం కనబడ్డారు. "ఒరే, ఓ సెయ్యెయ్యండర్రా!" అని జోగయ్య కేకేశాడు. అక్కడే చెడింది.

అందరూ వచ్చారు. ఆడవాళ్లు కూడా వచ్చారు. ఆటో నిమిషంలో గట్టెక్కింది. ఆ ఊరి పెద్ద రాముడు, తులసమ్మ పిన్నికొడుకు, చేతులు దులుపుకున్నాడు.

"మెళ్లో అదేటి బావా?"

"రీలు కెమెరా."

"ఎన్నొస్తాయి?"

"ముప్పయ్యారు. ఈ జిల్లాలో ఇంక ఇదే ఆకరిది," అన్నాడు జోగయ్య. ఊరుకుంటే పోయేది.

రాముడు తలలు లెక్కపెట్టాడు. "సెయ్యేసినోళ్లం ముప్పయ్యయిదు మందిమి. తలో వాటా."

"ఏటి వాటా?"

"వలతాడు మీద సెయ్యేసినోడికి వాటా ఉంటాది. మా ఊరి కట్టుబాటు నీకు తెల్దా?"

"అది ఆటోరా! వల కాదు!"

"లాగినాం కదా బావా. కేకేసింది నువ్వే."

జోగయ్య భార్య వైపు చూశాడు. ఆవిడ ఇసక వైపు చూసింది. "ఊరి కట్టుబాటు మరి. ఒకటి మిగుల్తాది గదా, మనకదే సాలు."

మొదలైంది. నారాయణమ్మ అనే ముసలావిడ చీర మార్చుకొస్తానని ఇంటికి పోయి గంటకి వచ్చింది. తీసేసరికి కళ్లు మూసింది.

"మూసీనాను. మల్లీ తియ్యి."

"మల్లీ లేదు!"

"మా మనవడు ఫోన్లో పది తీస్తాడు."

"ఇది ఫోను కాదే తల్లీ!"

ఇంకొకడు మేకని పట్టుకొచ్చాడు. "మేక సెయ్యెయ్యలేదు," అని జోగయ్య దాన్ని వెళ్లగొట్టించాడు. మరొకడు తన బొమ్మ చూపించమని కెమెరా వెనక నిలబడ్డాడు.

"ఇందులో కనబడదురా."

"మరి పడిందని నీకెలాగ తెలస్తాది?"

"నలబయ్యేళ్ల నుంచి తీస్తన్నాను!" అని జోగయ్య అరిచాడు.

ముప్పయ్యయిదూ అయ్యేసరికి పొద్దు వాలింది. తులసమ్మ తల సవరించుకుని సముద్రానికి వీపు పెట్టి నిలబడింది. జోగయ్య పక్కన నిలబడ్డాడు. గోపి నొక్కాడు.

అలవాటుకొద్దీ జోగయ్య కెమెరా అందుకుని, ఫిల్మును ముందుకి నడిపే మీట తిప్పాడు. ముప్పయ్యారు దాటాక అది బిగుసుకోవాలి. తిరిగింది. మళ్లీ తిప్పాడు. మళ్లీ తిరిగింది. తువ్వాలు కప్పి వెనక తలుపు తీశాడు. ఫిల్ము కొస చక్రానికి తగులుకోనే లేదు. రీలంతా డబ్బీలోనే చుట్టుకుని ఉంది.

"ఏటైంది?" అంది తులసమ్మ.

"ఫిల్ము నడవలేదు. ఒక్క బొమ్మా పడలేదు."

ఆవిడ కెమెరా వైపు ఒకసారి, మొగుడి వైపు ఒకసారి చూసింది. తరవాత అడిగింది.

"మన పెళ్లినాడు రీలు ఎక్కించింది ఎవులు?"

జోగయ్య సముద్రం వైపు చూశాడు. "గురువుగారికి ఆరోజు సెయ్యి కాళీ లేదు."

"పెళ్లికొడుకువి, నువ్వెక్కించినావా?"

"బేగెక్కించమన్నారు."

రాముడికి చెప్పక తప్పలేదు. ముప్పయ్యయిదు మంది మీద పడతారని జోగయ్య ఆటో వైపు రెండడుగులు వేశాడు కూడా. రాముడు మాత్రం తాపీగా విన్నాడు.

"అంటే వల కాళీగా వొచ్చింది. కాళీ వలకి వాటాల్లేవు బావా." జనం వైపు తిరిగాడు. "పొండర్రా ఇళ్లకి!"

గొణుక్కుంటూ అందరూ పోయారు. నారాయణమ్మ మాత్రం, తన కళ్లు మూసుకున్న బొమ్మ పోయినందుకు, నవ్వుకుంటూ పోయింది.

తులసమ్మ చెయ్యి చాపి రీలు తీసుకుంది. కొంగున ముడేసింది.

"ముప్పయ్యారూ నావే," అంది.

ఆ పూట రాముడింట్లోనే ఉండిపోయారు. మర్నాడు ఒడ్డుకి నడిచే వెళ్లారు. రీలు తులసమ్మ ఎక్కించింది, జోగయ్య గొడుగు పట్టాడు.